మెడ నొప్పికి పూర్వజన్మతో పనిలేదు





ఈసారి మనం మాట్లాడుకునేది మెడ నొప్పి గురించి, భుజం నొప్పి గురించి. అదీ పెద్దయ్యాక ఈత నేర్చుకుని, ఇప్పుడు ఈత వదల్లేక, నొప్పితో ఈదలేక నలుగుతున్నవాళ్ళ నొప్పి గురించి. ధమ్మ ప్రవచనంలో ఇదేం సంగతి అనుకోకండి. బుద్ధుడు దుక్ఖం గురించి చెప్పినప్పుడు ఎక్కడో ఆకాశంలో ఉన్నదాని గురించి చెప్పలేదు. పుట్టుక, ముసలితనం, జబ్బు, చావు అంటూ ఒంటితోనే మొదలుపెట్టాడు. మన ఒంట్లో ఉన్న దుక్ఖాన్ని చూడటం చేతకాకపోతే, లోకంలో ఉన్న దుక్ఖాన్ని చూస్తామనడం ఉత్త మాటే.

పైగా మనవి రెక్కాడితే గానీ డొక్కాడని బతుకులు. ఆ రెక్కే పైకి లేవకపోతే మన పరిస్థితి ఏంటి? బస్తా మోసే అన్నకీ, మిషను కుట్టే అక్కకీ, బెజవాడ ట్రాఫిక్‌లో రోజంతా ఆటో నడిపే తమ్ముడికీ, కంప్యూటరు ముందు కూర్చునే చెల్లికీ భుజమే ఆస్తి. అందుకని ఇది చిన్న విషయం కాదు.

మనం నీళ్ళలోకి ఆలస్యంగా ఎందుకు దిగాం?

మనది కాలువల దేశం. 1855లో కృష్ణమ్మకు ఆనకట్ట కట్టారు. దాని స్థానంలో 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ విజయవాడ నడిబొడ్డులోంచే పోతాయి. ఇన్ని నీళ్ళ మధ్య పుట్టి కూడా మనలో చాలామందికి 40 ఏళ్ళు వచ్చేదాకా ఈత రాదు. ఎందుకని?

ఎందుకంటే నీళ్ళు అందరివీ కావు. ఊరి చెరువు ఊరిది, వాడ గుంట వాడది. మన తాతలు చెరువు గట్టున నిలబడి ఎవరైనా నీళ్ళు పోస్తే దోసిలి పట్టినవాళ్ళు. 1927 మార్చి 20న మహద్‌లో బాబాసాహెబ్ చవదార్ చెరువులో దిగి గుక్కెడు నీళ్ళు తాగడమే ఒక పోరాటం అయింది. అది ఎక్కడో మహారాష్ట్రలో సంగతి అనుకుంటే, 1985 జూలై 17 మనకు మరీ దగ్గరిది. చీరాల పక్కన కారంచేడులో మాదిగవాడ తాగే నీళ్ళ చెరువును పాడుచేస్తుంటే, అదేంటని అడిగినందుకు మొదలైన గొడవ ఆరుగురి ప్రాణాలు తీసింది. తాగే నీళ్ళకే ఇంత జరిగిన చోట, సరదాగా చెరువులో దూకి ఈత నేర్చుకునే బాల్యం అందరికీ ఎలా దొరుకుతుంది?

కాబట్టి గాంధీనగర్ సర్ విజ్జీ ఈత కొలనులోనో, ఇంకో కొలనులోనో టిక్కెట్టు కొనుక్కుని, అందరితో సమానంగా నీళ్ళలోకి దిగే 40 ఏళ్ళ మనిషిని చూసి ఎవరైనా ‘ఈ వయసులో నీకు ఈతేంటి’ అంటే, దాని జవాబు మన చరిత్రలో ఉంది. మీరు ఆలస్యంగా రాలేదు. మిమ్మల్ని ఆలస్యంగా రానిచ్చారు. అంతే తేడా.

అయితే ఇక్కడ ఒక నిజం ఒప్పుకోవాలి. పదేళ్ళ పిల్లాడి భుజం వేరు, 20 ఏళ్ళు బరువులు మోసిన భుజం వేరు. ముదిరిన ఒళ్ళు కొత్త పని నేర్చుకుంటే ఎక్కడో ఒకచోట మొరాయిస్తుంది. మొదటి నెలలో సంతోషం, మూడో నెలలో మెడ పట్టేయడం, ఆరో నెలలో చెయ్యి ఎత్తి చొక్కా తొడుక్కోలేకపోవడం. చాలామంది కథ ఇలాగే నడుస్తుంది. ఇక్కడే మనకు ధమ్మం కావాలి.

పాపం కాదు, కారణం

నొప్పి రాగానే చుట్టుపక్కల నుంచి వచ్చే మొదటి మాట ఏంటి? ఏ జన్మలో ఏ పాపం చేశావో అంటారు. శని భుజం మీద కూర్చున్నాడంటారు. దిష్టి తగిలిందంటారు, తాయెత్తు కట్టించమంటారు. దీక్ష తీసుకుని, 22 ప్రతిజ్ఞలు చదివిన ఇళ్ళలో కూడా నొప్పి ముదిరితే ఈ మాటలు వెనక గుమ్మంలోంచి లోపలికొస్తాయి.

బుద్ధుడి దగ్గరికి మోళియసీవకుడు అనే పరివ్రాజకుడు వచ్చి ఇదే అడిగాడు. మనిషికి కలిగే సుఖదుఃఖాలన్నీ పూర్వం చేసిన కర్మ వల్లేనని కొందరు అంటున్నారు, మీరేమంటారు అని. బుద్ధుడు ఏమన్నాడో చూడండి. కొన్ని బాధలు పైత్యం వల్ల వస్తాయి, కొన్ని శ్లేష్మం వల్ల, కొన్ని వాతం వల్ల, కొన్ని ఈ మూడూ కలిసి వస్తాయి. కొన్ని రుతువు మారడం వల్ల, కొన్ని ఒంటిని సరిగ్గా చూసుకోకపోవడం వల్ల, కొన్ని దెబ్బ తగలడం వల్ల వస్తాయి. కర్మ అనేది వీటి తర్వాత ఎనిమిదోది మాత్రమే. అన్నిటికీ పూర్వకర్మే కారణమనేవాళ్ళు తమకు తెలిసిన హద్దునూ, లోకం ఎరిగిన హద్దునూ దాటి మాట్లాడుతున్నారని ఆయన తేల్చేశాడు. ఆనాటి వైద్యం భాషలో చెప్పినా, మాట సూటిగా ఉంది. కారణాన్ని ఇక్కడ, ఈ ఒంట్లో, ఈ అలవాట్లలో వెతుక్కోమన్నాడు.

బాబాసాహెబ్ ‘బుద్ధుడు – ఆయన ధమ్మం’లో ఈ పూర్వజన్మ కర్మ సిద్ధాంతాన్ని ఎందుకు అంత గట్టిగా ప్రశ్నించారో మనకు తెలుసు. పేదవాడి బాధకు వాడి పాత పాపమే కారణం అనేస్తే సమాజం చేతులు దులిపేసుకోవచ్చు, ప్రభుత్వం తప్పించుకోవచ్చు. మన భుజం విషయంలోనూ అంతే. పాపం అనేస్తే పనిచోట బరువు తగ్గించమని అడగక్కర్లేదు, డాక్టరు దగ్గరికి పోనక్కర్లేదు, ఈదే పద్ధతి మార్చుకోనక్కర్లేదు. పాపం అనే మాట నొప్పిని తగ్గించదు. వెతకడాన్ని ఆపేస్తుంది.

పుణ్ణిక అనే థేరి గుర్తుందా? ఆమె నీళ్ళు మోసే దాసి. చలికాలంలో కూడా, యజమానురాళ్ళ దెబ్బలకూ తిట్లకూ భయపడి నదిలో దిగి కుండలు నింపిన మనిషి. మెడ మీద, భుజం మీద బరువంటే ఏంటో మనకన్నా ఆమెకే ఎక్కువ తెలుసు. పాపం పోవాలని వణుకుతూ నదిలో మునుగుతున్న బ్రాహ్మణుణ్ణి ఆమె అడిగింది: మునకతోనే శుద్ధి అయితే కప్పలూ, తాబేళ్ళూ, మొసళ్ళూ ముందే స్వర్గానికి పోవాలి కదా అని. ఆ బ్రాహ్మణుడు దారి మార్చుకున్నాడు. మనం కృష్ణలో దిగినా, కొలనులో దిగినా ఇదే గుర్తుంచుకుందాం. నీళ్ళు పాపాన్ని కడగవు. బిగుసుకున్న కండను వదులు చేస్తాయి, ఊపిరిని పెంచుతాయి. అది చాలదా?

కారణం ఎక్కడుంది?

భుజం కీలు మన ఒంట్లో అన్నిటికన్నా స్వేచ్ఛగా తిరిగే కీలు. గుండ్రటి ఎముక ఒక లోతు లేని చిప్పలో కూర్చుంటుంది. అది జారిపోకుండా నాలుగు చిన్న కండలు చుట్టూ పట్టుకుని ఉంటాయి. వాటి కొసలు భుజం పై ఎముక కింద ఇరుకు సందులోంచి పోతాయి. చెయ్యి తలపైకి ఎత్తిన ప్రతిసారీ ఆ సందు మీద ఒత్తిడి పడుతుంది. 25 మీటర్లకు 20 బారలు వేసే మనిషి 500 మీటర్లు ఈదితే 400 బారలు అవుతాయి. బార వేసే తీరులో చిన్న తప్పున్నా అది 400 సార్లు పడుతుంది. ఇదే పటిచ్చసముప్పాదం. ఇది ఉంటే అది వస్తుంది, ఇది పోతే అది పోతుంది.

మరి ఏ తప్పులు? ఎక్కువగా కనిపించేవి ఇవి.

మొదటిది, తల పైకెత్తి ఈదడం. కాలువలో ఈదేవాడు నోట్లోకి నీళ్ళు పోకుండా, ఎదురొచ్చేది కనపడేలా తల ఎత్తే ఈదుతాడు. కాలువలో అది తెలివే. కానీ అదే అలవాటుతో కొలనులో అరగంట ఈదితే మెడ వెనక కండలు బిగుసుకుంటాయి, నడుము కిందికి జారుతుంది, చేతుల మీద భారం పెరుగుతుంది. ఫ్రీస్టైల్‌లో చూపు కొలను అడుగు మీద ఉండాలి. మెడ నిటారుగా సాగి ఉండాలి.

రెండోది, ఊపిరి కోసం తల ఎత్తడం. ఊపిరికి తల ఎత్తకూడదు, ఒళ్ళంతా పక్కకు దొర్లితే దాంతోపాటు తల తిరగాలి. ఒక కన్ను నీళ్ళలోనే ఉంటే సరిగ్గా తిప్పుతున్నట్టు. ఎప్పుడూ ఒకే పక్కకు తిప్పితే ఆ పక్క మెడ అలిసిపోతుంది. నెమ్మదిగా రెండు పక్కలా అలవాటు చేసుకోండి.

మూడోది, చెయ్యి పడే చోటు. చెయ్యి తల ముందుకొచ్చి అవతలి పక్కకు దాటితే, లేదా బొటనవేలు ముందుగా నీళ్ళలో దిగితే భుజం లోపలికి మెలి తిరుగుతుంది. చెయ్యి మన భుజానికి ఎదురుగా, వేళ్ళ కొసలు ముందుగా దిగాలి.

నాలుగోది, సామాను. చేతులు చాచి కిక్ బోర్డు పట్టుకుని, తల ఎత్తి కాళ్ళు కొట్టడం మెడకూ భుజానికీ రెండింటికీ భారం. వెల్లకిలా పడుకుని, చేతులు ఒంటి పక్కన పెట్టి కాళ్ళు కొట్టండి. చేతికి తగిలించుకునే ప్యాడిల్స్ నొప్పి ఉన్నన్నాళ్ళూ పక్కన పెట్టండి.

అయిదోది, కొలను బయట ఉన్న 23 గంటలు. వంగి ఫోను చూడటం, ఎత్తైన దిండు, నొప్పి ఉన్న భుజం మీదే పడుకోవడం, బండి హ్యాండిల్‌ని బిగపట్టి నడపడం, ఒకే భుజాన సంచి తగిలించుకోవడం. చాలామందికి ఈత నొప్పిని పుట్టించదు, అప్పటికే ఉన్నదాన్ని బయటపెడుతుంది.

మీ ఈతను ఒకరిని సెల్‌ఫోనులో వీడియో తీయమనండి. కొలను నిర్వాహకుల అనుమతితో, ఇతరులెవరూ అందులో పడకుండా తీయాలి. చూసుకుంటే సగం జవాబు అక్కడే దొరుకుతుంది. ఉన్నదాన్ని ఉన్నట్టు చూడటమే సమ్మాదిట్ఠి.

రెండో బాణం

ఇప్పుడు అసలు మాటకొద్దాం. బుద్ధుడు ఒక ఉపమానం చెప్పాడు. ఒక మనిషికి బాణం తగిలింది. నొప్పి పుట్టింది. అంతలోనే రెండో బాణం కూడా తగిలింది. ధమ్మం వినని మనిషి ఒంటికి నొప్పి వస్తే ఏడుస్తాడు, గుండెలు బాదుకుంటాడు, దిగులు పడతాడు. అప్పుడు అతనికి రెండు బాణాలు. ధమ్మం విన్న శ్రావకుడికీ ఒంటి నొప్పి వస్తుంది, కానీ అతనికి తగిలేది ఒక్క బాణమే.

బుద్ధుడు నొప్పి లేదనలేదు, మాయ అనలేదు. ఆయనకే వెన్ను నొప్పి ఉండేది. కపిలవస్తులో శాక్యుల కొత్త సభాభవనంలో చాలా రాత్రి దాకా బోధించి, వెన్ను నొప్పిగా ఉంది కాబట్టి కాసేపు వాలతానని, మిగతా బోధ ఆనందుణ్ణి చెప్పమన్నాడు. కుడిపక్కకు ఒరిగి, స్మృతితో విశ్రాంతి తీసుకున్నాడు. ఎంత మామూలుగా ఉందో చూడండి. దాచుకోలేదు, సిగ్గుపడలేదు, పని ఆపేయలేదు, పని ఇంకొకరికి అప్పగించాడు. నొప్పితో ఎలా మెలగాలో దీనికన్నా మంచి పాఠం ఏముంది?

మన రెండో బాణం ఎలా ఉంటుంది? ‘అయిపోయింది, ఇక నా చెయ్యి పనికిరాదు’ అంటుంది. ‘రేపు పని పోతే పిల్లల ఫీజులు ఎలా’ అంటుంది. ‘పక్క లేన్లో కుర్రాడు దూసుకుపోతున్నాడు, నేను ముసలాణ్ణి’ అంటుంది. వీటన్నిటికన్నా లోతుగా గుచ్చుకునేది ఇంకోటి ఉంది. ‘మనకెందుకులే ఈ ఈత, మనవాళ్ళకి ఎవరికొచ్చు గనక’ అంటుంది. ఈ చివరి మాట మన నోట్లోంచి వచ్చినా మనది కాదు. వందల ఏళ్ళుగా మన చేతికిచ్చి, మనల్నే పొడుచుకోమన్న బాణం అది. భుజం నొప్పి నిజం. ఈ మాట అబద్ధం. రెండింటినీ విడదీసి చూడటం నేర్చుకోండి.

ఇది ఉత్త ఓదార్పు మాట కాదు. మూడు నెలలు దాటిన నొప్పిని వైద్యులు దీర్ఘకాలిక నొప్పి అంటారు. అలాంటి నొప్పిలో నరాల వ్యవస్థే అతిగా స్పందించడం మొదలుపెట్టొచ్చు. చిన్న కదలికకే పెద్ద గంట మోగుతుంది. అంటే నొప్పి పెరిగిన ప్రతిసారీ లోపల ఏదో తెగిపోతున్నట్టు కాదు. ఎక్స్‌రేలో మెడ ఎముకలు అరిగాయని రాస్తే హడలిపోకండి. వయసు పెరిగే కొద్దీ ఆ అరుగుదల ఏ నొప్పీ లేనివాళ్ళలోనూ కనిపిస్తుంది. భయం, నిద్రలేమి, దిగులు ఆ గంటను ఇంకా గట్టిగా మోగిస్తాయి. అమెరికాలో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలో 1979లో జాన్ కబాట్-జిన్ అనే ఆయన బుద్ధుడి సతి సాధనను ఆసుపత్రిలో దీర్ఘకాలిక నొప్పి ఉన్నవాళ్ళకు నేర్పడం మొదలుపెట్టాడు. ఇప్పుడు ఎన్నో దేశాల ఆసుపత్రుల్లో అది నడుస్తోంది. అమరావతి, భట్టిప్రోలు, ఘంటసాల, జగ్గయ్యపేట స్తూపాల నీడలో ఉన్న మనం మన ఇంటి మందును మర్చిపోతే ఎలా?

సోణుడి పాదాలు, వీణ తీగలు

నొప్పి వచ్చినవాళ్ళు రెండు రకాలుగా పోతారు. కొందరు పళ్ళు బిగించి ఇంకా ఎక్కువ ఈదుతారు. కొందరు పూర్తిగా మానేసి మంచం ఎక్కుతారు. రెండూ అంతాలే.

సోణుడనే భిక్ఖువు సుకుమారంగా పెరిగిన మనిషి. సంఘంలో చేరి, నడుస్తూ చేసే ధ్యానంలో ఎంత పట్టుదల చూపాడంటే పాదాలు చిట్లి నడిచిన దారి రక్తమయింది. ఇంత చేసినా ఫలితం లేదు, ఇంటికి పోతానని దిగులుపడ్డాడు. బుద్ధుడు వచ్చి, నువ్వు ఇంట్లో వీణ వాయించేవాడివి కదా, తీగ మరీ బిగిస్తే పలుకుతుందా, మరీ వదులైతే పలుకుతుందా అని అడిగాడు. రెండూ కాదన్నాడు సోణుడు. పట్టుదలకూ ఆ కొలతే అని చెప్పాడు బుద్ధుడు. అంతటితో ఆగకుండా చెప్పులు వేసుకోవడానికి అనుమతి కూడా ఇచ్చాడు. గమనించారా? ఉపదేశం ఇచ్చాడు, చెప్పులూ ఇచ్చాడు. మనసుకు చెప్పాల్సింది మనసుకు, కాలికి ఇవ్వాల్సింది కాలికి.

మన భుజానికి ఆ కొలత ఏంటి?

నొప్పి బాగా ఉన్న కొద్దిరోజులు చేతుల ఈత తగ్గించండి. నీళ్ళు మానక్కర్లేదు. నీళ్ళలో నడవండి, వెల్లకిలా కాళ్ళు కొట్టండి. నెమ్మదించాక ఇంతకుముందు ఈదినదాంట్లో సగంతో మొదలుపెట్టండి. వారానికి కొంచెం చొప్పున పెంచండి. ఒక రోజు ఈత, ఒక రోజు విశ్రాంతి.

కొలత తెలిసేది మర్నాడు పొద్దున. ఈదేటప్పుడు కాస్త నొప్పి ఉండి, మర్నాటికి మామూలుకొస్తే ఫరవాలేదు. మర్నాడు ఇంకా పెరిగితే నిన్న ఎక్కువైందని అర్థం, తగ్గించండి. ఇందులో ఓటమి లేదు, లెక్క ఉంది.

దిగే ముందు గట్టు మీద 5 నిమిషాలు భుజాలు తిప్పండి. వారానికి రెండు మూడు రోజులు ఇంటి దగ్గర కసరత్తు చేయండి. గోడకు చేతులానించి తోయడం, కిటికీ ఊచకు రబ్బరు బ్యాండు కట్టి మోచేతులు వెనక్కి లాగడం, వీపు మీది రెక్క ఎముకలు దగ్గరకు తేవడం, గడ్డాన్ని నెమ్మదిగా వెనక్కి నెట్టి 5 అంకెలు లెక్కపెట్టడం. ఖర్చు లేని పనులివి. ఫలితం కనపడటానికి 6 నుంచి 12 వారాలు పట్టొచ్చు. నాలుగు రోజులు చేసి వదిలేస్తే రాదు. సమ్మావాయామం అంటే ఒక్కరోజు వీరత్వం కాదు, ప్రతిరోజూ కొంచెం.

వైద్యం తీసుకోవడం బలహీనత కాదు

నొప్పిని ఓర్చుకోవడమే ధమ్మం అనుకునేవాళ్ళు వినయపిటకం వినాలి. పిలిందవచ్ఛుడనే భిక్ఖువుకు అవయవాల్లో వాతం వచ్చింది. బుద్ధుడు ఏం చేశాడు? ఓర్చుకో అనలేదు. ఆవిరి పట్టించడానికి అనుమతించాడు. అది చాలకపోతే మూలికలతో ఆవిరి, అదీ చాలకపోతే ఇంకా పెద్ద కాపడం, చివరికి నీళ్ళ తొట్టిలో కూర్చునే వైద్యం దాకా ఒక్కొక్కటే అనుమతిస్తూ పోయాడు. నొప్పికి నీటి వైద్యం మన ధమ్మంలోనే ఉందన్నమాట. ఒకటి పనిచేయకపోతే ఇంకోటి, అదీ పనిచేయకపోతే మరోటి. ఇదే శాస్త్రీయ పద్ధతి. బాబాసాహెబ్ చివరి సంవత్సరాల్లో మధుమేహంతో, కాళ్ళ నొప్పులతో బాధపడుతూ డాక్టర్ల వైద్యంలో ఉంటూనే 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో మనకు దారి చూపారు.

కాబట్టి రెండు మూడు వారాల్లో తగ్గకపోతే ఎముకల డాక్టరుకో, ఫిజియోథెరపిస్టుకో చూపించండి. ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్ళడానికి మొహమాటం వద్దు, అది మన హక్కు. షుగరు ఉన్నవాళ్ళకు భుజం గట్టిపడి ఏ పక్కకూ కదలని జబ్బు వచ్చే అవకాశం ఎక్కువ. చెయ్యి రోజురోజుకీ బిగుసుకుపోతుంటే షుగరు పరీక్ష చేయించుకోండి. మందుల షాపులో నొప్పి బిళ్ళలు కొని నెలల తరబడి మింగకండి, కడుపూ కిడ్నీలూ దెబ్బతింటాయి. సెలూన్‌లో తలకి మర్దన చేసి మెడను టక్కున తిప్పించుకునే అలవాటు మానేయండి. అరుదుగానే అయినా, మెదడుకు పోయే రక్తనాళం చిరిగి పక్షవాతం వచ్చే ప్రమాదం ఉంది.

కొన్ని గుర్తులుంటే అసలు ఆగొద్దు. చేతిలో తిమ్మిరి పెరగడం, పట్టు తగ్గి వస్తువులు జారిపోవడం, నడక తూలడం, మలమూత్రాల మీద అదుపు తప్పడం, దెబ్బ తగిలాక వచ్చిన మెడ నొప్పి, జ్వరంతోనో బరువు తగ్గడంతోనో కలిసి వచ్చిన నొప్పి ఉంటే వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. భుజం నొప్పితో పాటు గుండెల మీద బరువు, చెమటలు, ఆయాసం ఉంటే అది భుజానిది కాకపోవచ్చు, గుండెది కావచ్చు. 108కి ఫోన్ చేయండి.

ఒంటికి జబ్బు, మనసుకు కాదు

నకులపిత అనే ముసలి గృహస్థు బుద్ధుడి దగ్గరికొచ్చి, ఒళ్ళు పాడైపోయింది, ఎప్పుడూ ఏదో ఒక నొప్పే, నాకో మాట చెప్పమన్నాడు. ఒళ్ళు జబ్బుపడినా మనసు జబ్బుపడకుండా సాధన చెయ్యమన్నాడు బుద్ధుడు. ఆ సాధన ఇలా చేయొచ్చు.

రాత్రి పడుకునే ముందు 10 నిమిషాలు వెల్లకిలా పడుకోండి. మోకాళ్ళ కింద దిండు, మెడ కింద పలచటి దుప్పటి మడత పెట్టుకోండి. ఊపిరిని గమనించండి. తర్వాత చూపును భుజం మీదికి తీసుకెళ్ళండి. నొప్పి ఎక్కడ మొదలైంది, ఎక్కడ ఆగింది? మంటగా ఉందా, లాగుతోందా, పోటు పెడుతోందా? ఒకేలా ఉందా, పెరిగి తగ్గుతోందా? ‘నా భుజం నాశనమైంది’ అనకండి. ‘ఇక్కడ ఒక వేదన ఉంది’ అనుకోండి. భయం వస్తే, ఇది భయం అని గుర్తించండి, మళ్ళీ ఊపిరి దగ్గరికి రండి. కొద్దిరోజుల్లో ఒక సంగతి కనిపిస్తుంది. మీరు నొప్పి అనుకున్నదాంట్లో కొంత నొప్పి, మిగిలింది నొప్పికి బిగపట్టిన దవడ, ఎత్తిపెట్టిన భుజాలు, ఆపుకున్న ఊపిరి. ఆ మిగిలినదాన్ని వదిలేయొచ్చు. అదే రెండో బాణం దింపడం.

నీళ్ళలోనూ ఇదే సాధన. ఎన్ని ల్యాపులు అని లెక్కపెట్టడం కొన్నాళ్ళు ఆపండి. నీళ్ళలో ఊపిరి బుడగలుగా వదలండి, పక్కకు దొర్లి తీసుకోండి. మెడ బిగిసిందా, వదులుగా ఉందా చూసుకోండి. బిగిస్తే వెల్లకిలా తేలండి. తేలడానికి పట్టు అక్కర్లేదు, పట్టు వదలడమే కావాలి.

ఒంటరిగా మోయకండి

ఒక చివరి మాట. విరేచనాలతో తన మలంలోనే పడి ఉన్న భిక్ఖువును ఎవరూ పట్టించుకోకపోతే, బుద్ధుడూ ఆనందుడూ స్వయంగా నీళ్ళు పోసి కడిగారు. నాకు సేవ చేయాలనుకునేవాడు రోగికి సేవ చేయాలని అక్కడే సంఘానికి చెప్పాడు. మన ఇళ్ళలో ఈ మాట ఎలా నిలబడాలి? చెయ్యి ఎత్తలేని అక్క నీళ్ళ బిందె ఎత్తుతుంటే చూస్తూ కూర్చోవద్దు. భుజం నొప్పి ఉన్న అన్నను బద్ధకస్తుడని వెక్కిరించవద్దు. ఆదివారం బుద్ధ వందనకు చేరినప్పుడు 10 నిమిషాలు అందరూ కలిసి మెడ, భుజాల కసరత్తు చేయండి. సంఘం అంటే ఇదీ.

ఎందుకింత పట్టుబట్టి ఈత కాపాడుకోమంటున్నామంటే, కాలువ కట్టల మీద గుడిసెల్లో బతికే పిల్లలు మన పిల్లలే. ప్రతి వేసవిలో కాలువలో జారిపడేదీ మన పిల్లలే. వాళ్ళకు ఈత నేర్పాలంటే ఈత వచ్చిన పెద్దవాళ్ళు మన వాడలో ఉండాలి. మీ భుజం మీ ఒక్కరిది కాదు. దాన్ని అరగదీయనూ వద్దు, మూలన పెట్టనూ వద్దు. కారణం వెతికి, వైద్యం చేయించి, కొలతగా వాడి, పదిమంది పిల్లల్ని నీళ్ళ మీద తేలేలా చేయండి.

నొప్పి పూర్తిగా పోతుందని ఈ పుస్తకం మాట ఇవ్వదు. కొందరికి పోతుంది, కొందరికి తగ్గుతుంది, కొందరికి వస్తూ పోతూ ఉంటుంది. ఎలా ఉన్నా మీకు తగిలేది ఒక్క బాణమే కావాలి. ఆ ఒక్కటీ తట్టుకోగల బలం మీలో ఉంది.

జై భీమ్! నమో బుద్ధాయ!